అమ్మ చేతికి బ్యాండ్: 41 రోజుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

అమ్మకు పేస్‌మేకర్ పెట్టి రెండున్నర నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అంతకుముందు నుంచే వాడుతోంది. ఈ రెండు సంగతులూ రాసిన కార్డు ఆవిడ చేతిసంచిలో ఉంటుంది. పోయిన వారం వాకింగ్‌కి వెళ్లి, కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడింది. సంచి ఇంట్లో ఉంది. పక్కనున్నవాళ్లు ఏం మందులు వాడతారని అడిగితే ఆ పేరు ఆ క్షణాన నోటికి రాలేదట. పది నిమిషాల్లో తేరుకుని ఇంటికొచ్చింది. కానీ ఆ పది నిమిషాల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

అందుకే ఈ పని మొదలుపెట్టాను. అమ్మ రోజూ ఇష్టపడి వేసుకునే మెడికల్ ఐడీ బ్రేస్‌లెట్, అంటే జబ్బూ మందుల వివరాలు రాసి ఉండే బ్యాండ్, నా చేత్తో నేనే చేయాలి.

మెడలో లాకెట్ కంటే చేతికే ఎందుకంటే, పడిపోయిన మనిషి దగ్గరికి వచ్చిన నర్సయినా డాక్టరైనా నాడి కోసం మణికట్టే పట్టుకుంటారు. ఈ ఆలోచన పాతదే. 1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్‌లో డాక్టర్ మారియన్ కాలిన్స్ కూతురికి ధనుర్వాతం యాంటీటాక్సిన్ పడక ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెక్కిన వెండి బ్రేస్‌లెట్ ఒకటి ఆయన కూతురి కోసం చేయించాడు. ఇలాంటి బ్రేస్‌లెట్లు అందించే మెడిక్‌అలర్ట్ సంస్థ 1956లో పుట్టింది దాన్నుంచే.

రెడీమేడ్ స్టీలు గొలుసు ఒకటి ముందే కొనిచ్చాను. రెండు రోజులు పెట్టుకుని తీసేసింది. "దీని కొక్కెం నాకు పట్టు దొరకడం లేదే. ప్రతిసారీ నిన్ను పిలవాలి" అంది. అమ్మ వేళ్లకు కీళ్లవాతం. ఆ గొలుసుకున్న లాబ్‌స్టర్ క్లాస్ప్ తెరవాలంటే గోటితో చిన్న మీట లాగి పట్టుకుని, అదే చేత్తో రింగులోకి దూర్చాలి. నాకే రెండుసార్లు జారిపోయింది.

2వ రోజు

ఇంట్లో చేతికి వేసుకునేవన్నీ వెతికి తెచ్చి బల్ల మీద పరిచాను. ఏది ఎందుకో చూద్దామని కూర్చుంటే, గంట తర్వాత నేను చూస్తున్నది ఒక్కటే: ఏది ఎలా ఊడుతుంది? రంగూ, సోకూ పక్కన పెడితే, ఊడే పద్ధతిని బట్టే అది ఎందుకు పుట్టిందో తెలిసిపోతోంది.

కచేరీకి వెళ్లినప్పుడు ఇచ్చిన కాగితంలాంటి బ్యాండ్ ఒకటి దొరికింది. అది కాగితం కాదు, టైవెక్. సన్నటి పాలిథిలీన్ పోగులను వేడితో అదిమి చేసిన షీటు. నీళ్లలో నానదు, చేత్తో లాగితే చిరగదు, కత్తెరకు మాత్రం ఇట్టే తెగుతుంది. జిగురు ఉన్న చోట వంకర గాట్లు పెట్టి ఉంటాయి. పీకితే ఆ గాట్ల దగ్గర ముక్కలవుతుంది కాబట్టి ఇంకొకరి చేతికి మార్చడం కుదరదు. ఒకరికిచ్చిన ప్రవేశం ఒకరికే.

అమ్మ ఆపరేషన్ నాటి ఆసుపత్రి బ్యాండ్ కూడా దాచి ఉంచాను. దాని గుండీ ఒక్కసారి నొక్కితే మళ్లీ తెరుచుకోదు. డిశ్చార్జి రోజున కత్తెరతోనే తీశారు. సిలికాన్ బ్యాండ్‌కు అసలు క్లాస్పే లేదు, సాగదీసి చేతిలోంచి లాగేయడమే. 2004లో క్యాన్సర్ సేవాసంస్థ కోసం లివ్‌స్ట్రాంగ్ పసుపు బ్యాండ్ వచ్చాక ప్రతి ప్రచారానికీ ఇవే. పెద్దవాళ్ల సైజు చుట్టుకొలత 202 మిల్లీమీటర్లు. అమ్మ చేతికి అది వదులు, చేయి దించితే వేళ్ల దాకా వచ్చేస్తోంది.

చేతికి చరిస్తే చుట్టుకునే బ్యాండ్ చూసి చిన్నప్పటిలాగే మళ్లీ ముచ్చటేసింది. లోపల సన్నటి స్టీలు రేకు, నిటారుగా ఒక స్థితి, చుట్టుకుని ఒక స్థితి. మధ్యలో ఎక్కడా నిలవదు. ఒంటిచేత్తో వేసుకోవడంలో దీన్ని మించింది లేదు. కానీ పట్టు వదులు, కాస్త లాగితే విచ్చుకుపోతుంది.

తమ్ముడు కంప్యూటర్లు విప్పేటప్పుడు కట్టుకునే యాంటీ స్టాటిక్ బ్యాండ్ కూడా వరుసలో పెట్టాను. దాని తీగలో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు మెల్లగా దిగిపోవడానికీ, పొరపాటున కరెంటున్న తీగ తగిలితే షాక్ పెద్దదవకుండా ఆపడానికీ అది. దీని వైరు మాత్రం ఒక్క లాగుడుకే ఊడొస్తుంది. బల్లకు కట్టేసిన మనిషి గభాల్న లేచినా ఏమీ కాకూడదు కదా.

అమ్మ బ్యాండ్ ఎలా ఊడాలి? తనంతట తాను ఊడకూడదు. అమ్మ ఒంటిచేత్తో తీసి పెట్టుకోగలగాలి. తలుపు పిడికో బస్సు కడ్డీకో తగులుకుంటే మాత్రం చేయి మెలిపడకముందే వదిలేయాలి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడతాయని రాసుకుంటుండగానే అర్థమైంది.

3వ రోజు

కొలత. సన్నటి కాగితం పట్టీ చుట్టి, గీత గీసి, స్కేలు మీద పెట్టి చూశాను. పొద్దున 15.4 సెంటీమీటర్లు, సాయంత్రం 15.9. చేయి సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది. పెద్ద కొలతే లెక్కలోకి తీసుకుంటాను.

5వ రోజు

మొదటి ప్రయత్నం: సాగే దారంలో 8 మిల్లీమీటర్ల రాతి పూసలు. కొక్కెం గొడవ ఉండదు, అమ్మకు పూసలంటే ఇష్టం.

20 పూసలు గుచ్చాను. 20 ఎనిమిదులు 160 మిల్లీమీటర్లు, అమ్మ మణికట్టు 159, సరిపోవాలి కదా అనుకున్నాను. వేస్తే చర్మంలోకి దిగబడింది. తప్పెక్కడో కాగితం మీద బొమ్మ గీసుకుంటే గాని తెలియలేదు. దారం పూసల మధ్యలోంచి పోతుంది, చేతికి తగిలేది పూసల లోపలి అంచు. అంటే లోపలి చుట్టుకొలత పూస వ్యాసానికి 3.14 రెట్లు తగ్గిపోతుంది. 8 మిల్లీమీటర్ల పూసకు ఆ తరుగు 25. నా బ్రేస్‌లెట్ లోపల మిగిలింది 135 మాత్రమే. 24 పూసలు పెడితే 192 లోంచి 25 పోగా 167. వదులుకు 8 మిల్లీమీటర్లు మిగిలాయి, హాయిగా కూర్చుంది. పూస ఎంత లావైతే తరుగు అంత ఎక్కువ. పూసలతో మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క లెక్క రాసి పెట్టుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

గుచ్చే ముందు దారాన్ని గట్టిగా నాలుగైదుసార్లు సాగదీయాలి, లేకపోతే వారంలో వదులై పూసల మధ్య సందులు కనబడతాయి. ముడి మామూలుది కాకుండా మొదటి మెలికలో దారం రెండుసార్లు తిప్పే సర్జన్స్ నాట్ వేశాను. పక్క పూస రంధ్రంలోకి ముడిని లాగేసి, ఒక చుక్క జిగురు వేశాను.

అమ్మ వెంటనే పెట్టేసుకుంది. ఉంచుకోమన్నాను, ఎన్నాళ్లు ఆగుతుందో చూడాలి.

8వ రోజు

పారాకార్డ్. పారాషూట్ల కోసం పుట్టిన నైలాన్ తాడు. 550 అని పిలిచే రకం 550 పౌండ్ల బరువు, అంటే దాదాపు 250 కిలోలు ఆపుతుంది. కత్తిరించి చూస్తే పై తొడుగు లోపల ఏడు సన్నటి పోగులు. 1997లో హబుల్ టెలిస్కోపును మరమ్మతు చేసిన ఎస్‌టీఎస్-82 అంతరిక్ష యాత్ర వ్యోమగాముల చేతుల్లోనూ ఈ తాడు ఉంది.

కోబ్రా అల్లిక చేతికి పట్టుబడితే మనసుకు ఎంత నెమ్మదిగా ఉంటుందో. ఎడమ తాడు మధ్య తాళ్ల మీంచి, కుడి తాడు దాని మీంచి దిగి, మధ్య తాళ్ల కిందుగా పోయి ఎడమ ఉచ్చులోంచి పైకి. తర్వాత అదే కుడి నుంచి. వైపు మార్చడం మరిచిపోతే అల్లిక మెట్ల దారిలా తిరిగిపోతుంది, తొమ్మిదో ముడి దగ్గర నాకు అలాగే తిరిగింది, విప్పి మళ్లీ వేశాను. ప్రతి రెండున్నర సెంటీమీటర్ల అల్లికకు 30 సెంటీమీటర్ల తాడు మింగుతుంది. 18 సెంటీమీటర్ల బ్యాండ్‌కు మధ్య తాళ్లతో కలిపి 2.7 మీటర్లు పట్టింది. కొసలు లైటర్‌తో కాల్చి అతికించేటప్పుడు కరిగిన నైలాన్‌ను వేలితో ముట్టుకోవద్దు. చర్మానికి అంటుకుని ఊడదు.

బకిల్ బ్యాగు బెల్టులకుండే ప్లాస్టిక్‌ది, రెండు పక్కలా నొక్కితే వస్తుంది. అమ్మకు నొక్కడం కష్టమైంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తాడు బలమే. అడవిలో విప్పుకుని వాడుకోవడానికి ఆ బలం వరం. అదే తాడు కదిలే యంత్రానికో బస్సు తలుపుకో చిక్కుకుంటే ముందు తెగేది తాడు కాదు. తిరిగే యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లను చేతికున్నవన్నీ తీసేయమనేది అందుకే. దీన్ని ట్రెక్కింగ్‌కు వెళ్లే తమ్ముడికి ఇచ్చేశాను, బకిల్ మార్చి: గట్టిగా లాగితే దానంతట అదే విడిపోయే రకం వేశాను.

11వ రోజు

ఈ రోజు జరిగింది పూర్తిగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

వేళ్లనొప్పులున్నవాళ్లకు అయస్కాంతం క్లాస్ప్ అంత సుఖమైనది లేదు. రెండు కొసలూ దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంటాయి. తెప్పించి, దారానికి కట్టి, అమ్మ చేతికి పెట్టాను. "ఇదీ బాగుంది! ఇన్నాళ్లూ ఏం చేశావే" అని మురిసిపోయింది. మధ్యాహ్నం ఆవిడ వెల్లకిలా పడుకుని ఎడమ చేయి గుండె మీద వేసుకుని నిద్రపోతోంది. రోజూ అలాగే పడుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే పేస్‌మేకర్‌తో ఇచ్చిన పుస్తకంలో వాక్యం గుర్తొచ్చింది: అయస్కాంతాలు పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

వెళ్లి మెల్లగా చేయి తీసి, బ్యాండ్ ఊడదీశాను. నా చేతులు వణికాయి. బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే పేస్‌మేకర్ గుండె సొంత లయను గమనించడం మానేసి, స్థిరమైన వేగంతో కొట్టే పద్ధతిలోకి వెళ్తుంది. పరీక్షల్లో డాక్టర్లు కావాలని చేసే పనే అది, ఇంట్లో నిద్రలో జరగకూడనిది. అయస్కాంతం తీసేస్తే మామూలు పద్ధతికి వచ్చేస్తుంది. క్లినిక్‌కి ఫోన్ చేశాను. అమ్మకు ఏ ఇబ్బందీ అనిపించకపోతే కంగారు పడక్కర్లేదనీ, ఆ క్లాస్ప్ మాత్రం వద్దనీ చెప్పారు.

పనిలో పనిగా ఇంకొకటి అడిగాను. అమ్మ కుడిచేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ ఉంది. వెనక ఆకుపచ్చ లైటు వెలిగించి, రక్తం ఎంత వెలుగు పీల్చుకుంటోందో చూసి గుండె వేగం లెక్కగట్టే రకం. అది ఫర్వాలేదన్నారు. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే రకాలు శరీరంలోకి చిన్న కరెంటు పంపుతాయి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ కొలత వాడొద్దని తయారీదారులే చెబుతారు.

అయస్కాంతాల పొట్లం ఇంట్లోంచి పంపించేశాను.

13వ రోజు

రంగు. దారం ఎర్రగా ఉంటే ప్రమాద సూచనలా వెంటనే తెలుస్తుందని నేననుకున్నాను. కానీ రంగుకు అర్థం అప్పజెప్పడం ఎంత ప్రమాదమో 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో తెలిసింది. ఒక నర్సు రోగి చేతికి పసుపు బ్యాండ్ వేసింది, ఆ చేతికి సూదులు గుచ్చొద్దని. తను పనిచేసే ఇంకో ఆసుపత్రిలో పసుపుకు అర్థం అదే. ఈ ఆసుపత్రిలో మాత్రం పసుపంటే గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయొద్దని. ఆ రోగి గుండె నిజంగానే ఆగింది. ఇంకో నర్సు పొరపాటు కనిపెట్టబట్టి ప్రాణం దక్కింది. ఆ తర్వాతే చాలాచోట్ల రంగులు ఒక పద్ధతిలోకి తెచ్చారు.

కాబట్టి నా బ్యాండ్‌లో అర్థం అంతా అక్షరాలదే. రంగు అమ్మ ఇష్టం. నెమలికంఠం నీలం కావాలంది.

14–16 రోజులు

ప్లేటు. 42 పొడవు, 18 వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం. స్టీలు మీద చేత్తో అక్షరాలు దిగవు, అల్యూమినియం మెత్తన. 2 మిల్లీమీటర్ల ఇంగ్లీషు పెద్ద అక్షరాల పంచ్‌లు, 450 గ్రాముల సుత్తి, చిన్న దాగలి.

ఏం రాయాలన్నదే ఎక్కువసేపు తేలలేదు. పేరు, పేస్‌మేకర్, వార్ఫరిన్, నా ఫోన్ నంబరు. నాలుగు వరుసలే. "బ్లడ్ థిన్నర్" అని రాస్తే చాలదా అని తమ్ముడు అడిగాడు. చాలదు. వార్ఫరిన్ వాడే మనిషికి రక్తస్రావమైతే విటమిన్ కె దానికి విరుగుడుగా పనిచేస్తుంది. అపిక్సాబాన్‌లాంటి కొత్త మందులకు అది విరుగుడు కాదు. మందు పేరు తెలిస్తేనే ఎదుటివాళ్ల పని సాగుతుంది.

నడి అక్షరం ముందు కొట్టి అటూ ఇటూ జరుగుతూ పోవాలి, అప్పుడు వరుస మధ్యకు కుదురుతుంది. గీతకు బదులు టేపు అంటించి దాని అంచుకు పంచ్ ఆనించాను. ఒక్కటే దెబ్బ, నిటారుగా. రెండో దెబ్బ వేస్తే అక్షరం పక్కన నీడలా ఇంకోటి పడుతుంది. దాగలి బల్ల మధ్యలో కాకుండా బల్ల కాలికి సరిగ్గా పైన పెట్టుకోవాలి, మధ్యలో పెడితే బల్ల ఊగి దెబ్బ బలం పోతుంది. పదకొండు చిత్తు రేకులు పాడయ్యాక చేయి కుదిరింది.

తన జబ్బు దారినపోయేవాళ్లందరూ చదవడం అమ్మకు ఇష్టం లేదు. రాత చర్మం వైపు ఉండాలంది. న్యాయమైన కోరిక. అప్పుడు పైన వైద్య చిహ్నం ఒకటైనా ఉండాలి, లేకపోతే తిప్పి చూడాలని ఎవరికీ తోచదు. రాత అయ్యాక ప్లేటు బోర్లించి చిహ్నం కొడితే, కింద దాగలికి ఆనిన అక్షరాలన్నీ అణిగిపోయాయి. ఆరు గంటల పని. మర్నాడు ఇంకో ప్లేటు కొట్టి, ఈసారి కింద మందపాటి తోలు ముక్క వేసి చిహ్నం కొట్టాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. అంచులు ఆకురాయితో, తర్వాత 400, 800 నంబరు ఎమరీ కాగితాలతో నున్నగా చేసి, గుండ్రటి చెక్క మీద చేతి వంపుకు వంచాను. రెండు కొసలా రంధ్రాలు, వాటిలో తాళంచెవుల గుత్తికి ఉండేలాంటి చిన్న రింగులు.

17వ రోజు

పూసల బ్రేస్‌లెట్ తెగింది. పన్నెండు రోజులు. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే ఊరికే తెగిందట. ముడి బాగానే ఉంది, ఒక పూస రంధ్రం అంచు పదునుగా ఉండి దారాన్ని కోసింది. అలంకారానికైతే మళ్లీ గుచ్చుకోవచ్చు. ప్రాణం మాట మోసే ప్లేటును సాగే దారానికి వేలాడదీయను.

18–22 రోజులు

కుమిహిమో. జపాన్ జడ. 32 గాట్లున్న ఫోమ్ పళ్లెం, ఎనిమిది పాలిస్టర్ దారాలు, మధ్యలో కిందికి వేలాడే చిన్న బరువు. కింది కుడి దారం పైకి, పై ఎడమ దారం కిందికి, పళ్లెం తిప్పడం, మళ్లీ అదే. మధ్యలో లేవాల్సి వస్తే ఒక పక్క మూడు దారాలున్న చోట ఆపాలి. తిరిగొచ్చాక ఎక్కడున్నామో ఆ మూడే చెబుతాయి. నాలుగు జతలూ సమంగా ఉన్నప్పుడు లేచానా, తిప్పాల్సిన దిక్కు మరిచి జడలో కణుపు పడుతోంది. ఇది రెండుసార్లు జరిగింది. నూలు తీసుకోలేదు, తడి పట్టి ఆరదు.

క్లాస్ప్‌కు టాగుల్ తీసుకున్నాను: ఒక కొసన రింగు, ఇంకో కొసన అడ్డకడ్డీ. కడ్డీ దూర్చి అడ్డం తిప్పితే ఆగుతుంది, మీటలు లేవు. రింగు లోపల 18 మిల్లీమీటర్లు, కడ్డీ 28. మొదటిసారి కడ్డీకి ఆనుకుని జడ లావుగా ఉండటంతో అది తిరగలేదు. కడ్డీ పక్కన దాని సగం పొడవంత సన్నటి దారం ఉండాలి.

అమ్మ సాధన చేసింది. చేయి తొడ మీద ఆనించి, రింగును వేలితో అదిమి పట్టి. మొదటిరోజు నిమిషం నలభై సెకన్లు. ఐదో రోజు ఇరవై.

23వ రోజు

లాగితే విడిపోవడం సంగతి. టాగుల్ రింగును జడకు నేరుగా కట్టకుండా, మధ్యలో సన్నటి నూలు దారపు చుట్లు వేశాను. మిగతా బ్యాండ్ అంతటిలో అదొక్కటే బలహీనం. ఒక కొస గుమ్మం కొక్కేనికి తగిలించి, రెండో కొసకు సామాను తూచే వేలాడే కాటా పెట్టి లాగాను. మూడు చుట్లు వేస్తే 12 కిలోల దగ్గర తెగింది, ఎక్కువ. రెండు చుట్లకు ఐదుసార్లూ ఆరు కిలోలకు అటూ ఇటుగా. రోజువారీ లాగుడుకు ఊడదు, చిక్కుకుంటే చేతిని వదిలేస్తుంది. ఈ ముడిని నెలకోసారి మార్చాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

24వ రోజు

నికెల్ పరీక్ష. నికెల్ పడని చర్మాలు చాలా ఎక్కువ, చెమటలో అది కరిగి దురద, ఎర్రటి మచ్చలు వస్తాయి. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం దూది పుల్లకు అద్ది లోహం మీద రుద్దాలి. గులాబీ రంగు తేలితే నికెల్ వదులుతున్నట్టే. నికెల్ లేదని రాసి అమ్మిన టాగుల్ మీద పుల్ల గులాబీ రంగుకు తిరిగింది. దాన్ని పక్కన పడేసి 316ఎల్ అనే రకం స్టీలుది తెప్పించాను. అందులోనూ నికెల్ ఉంటుంది, కానీ గట్టిగా బంధించి ఉండటంతో బయటికి దాదాపు రాదు. పుల్ల తెల్లగానే ఉంది.

25–35 రోజులు

వాడకం. స్నానం తర్వాత జడ అరగంటలో ఆరుతోంది. అక్షరాల్లో నింపిన నల్ల రంగు చెమటకు పోయింది, గాట్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, మళ్లీ నింపలేదు. రాత్రి తీసి చర్మం చూస్తున్నాను, ఎక్కడా ఎరుపు లేదు.

ఒకరోజు తలుపు గడియకు తగులుకుని రింగు ఊడొచ్చింది. నూలు చుట్లు తెగాయి, అమ్మ చేతిమీద గీత కూడా పడలేదు. రెండు నిమిషాల్లో మళ్లీ చుట్టేశాను. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగింది ఆ తెగిన దారం చూసినప్పుడే.

41వ రోజు

చెకప్‌కి తీసుకెళ్లాను. నేను బయట ఫైలు ఇచ్చి లోపలికి వెళ్లేసరికి నర్సు అమ్మ చేయి పట్టుకుని నాడి చూస్తోంది. ఎవరూ చెప్పకుండానే ప్లేటు తిప్పి, "పేస్‌మేకర్, వార్ఫరిన్... ఎవరు చేశారండీ ఇది?" అంది. "మా అమ్మాయి" అంది అమ్మ.

డాక్టరు రిపోర్టులు చూసి వార్ఫరిన్ ఆపి అపిక్సాబాన్‌కు మార్చారు. అంటే ప్లేటు ఈ రోజే తప్పు అయిపోయింది. పాత మందు పేరు మోసే ప్లేటు అసలు లేనిదానికంటే చెడ్డది. ఇంటికి రాగానే రింగులు విప్పి తీసేశాను, కొత్తది అయ్యేదాకా పేరు, మందు కాగితం మీద రాసి, లామినేట్ చేసి అదే రింగులకు తగిలించాను.

రెండు పేర్లకూ ఇంగ్లీషులో ఎనిమిదేసి అక్షరాలే. పాత టేపు కొలతే సరిపోతుంది. పంచ్‌లు వరుసగా పేర్చి పెట్టుకున్నాను, పొద్దున్నే మొదలుపెడతాను.